ఆరుబయటి కోయాక్సియల్ కేబుల్ అతుకులకు వాన రక్షణ: మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు

రేడియో సెట్టును యాంటెన్నాతో కలిపే కోయాక్సియల్ కేబుల్‌కు ఆరుబయట కనీసం ఒక అతుకైనా ఉంటుంది. ఆ అతుకులోకి నీరు, చెమ్మ, దుమ్ము దిగకుండా కాపాడే పనే వాన రక్షణ. పనివాళ్లు దీన్ని ‘టేపింగ్’ అనీ, ‘సీలింగ్’ అనీ అంటారు. హ్యామ్ (ఔత్సాహిక) రేడియో కేంద్రాలు, డీటీహెచ్ డిష్‌లు, ఫోన్ టవర్లు, ఇంటి కప్పు మీది ఇంటర్నెట్ యాంటెన్నాలు, ఏవైనా సరే, వీటన్నిటికీ ఈ పని కావాలి. యాంటెన్నాకూ రేడియోకూ వేలు ఖర్చుపెట్టేవారు ఈ ఒక్క పనిని చేతికందిన నల్ల టేపుతో ముగించేస్తారు. ఆరుబయటి కేబుళ్లు చెడిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే.

ప్రాంతం, వాతావరణం

మేడ్చల్ నాగపూర్ వెళ్లే 44వ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. రెండూ 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోవి. శామీర్‌పేట చెరువు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ, ఔటర్ రింగ్ రోడ్డు కూడళ్లు ఇప్పటి ఆనవాళ్లు. ఒకప్పుడు ఈ నేల ద్రాక్ష తోటలకు పేరుపొందింది. ఆ తోటలు చాలావరకు ప్లాట్లుగా, ఫామ్‌హౌసులుగా మారిపోయాయి.

రేడియో వాడేవారికి ఈ శివారు నచ్చడానికి కారణాలున్నాయి. నగరం మధ్యలో ఎల్‌ఈడీ దీపాలు, ఇన్వర్టర్లు, ఛార్జర్లు పుట్టించే రొద షార్ట్‌వేవ్ మీద బలహీనమైన సంకేతాలను మింగేస్తుంది. ఊరు దాటితే ఆ రొద తగ్గుతుంది. పైగా 40 మీటర్ల బ్యాండుకు కట్టే మామూలు డైపోల్ తీగ ఒక్కటే సుమారు 20 మీటర్ల పొడవు, 80 మీటర్ల బ్యాండుకైతే 40 మీటర్లు. అపార్టుమెంటు కప్పు మీద అది పట్టదు. రెండు వేపచెట్ల మధ్యనో, రెండు జీఐ పైపుల మధ్యనో కట్టుకునే వీలు ఇక్కడుంది. అయితే చోటున్న కొద్దీ యాంటెన్నా ఇంటికి దూరమవుతుంది, కేబుల్ పొడవవుతుంది, అతుకుల సంఖ్య పెరుగుతుంది. హకీంపేట వైమానిక స్థావరం, దుండిగల్ వైమానిక దళ అకాడమీ దగ్గరలోనే ఉన్నాయి కాబట్టి స్తంభం ఎత్తు విషయంలో ముందుగా అనుమతులు చూసుకోవడం తప్పనిసరి.

ఈ పీఠభూమి మీద ఏడాదికి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. కోస్తాతో పోలిస్తే తక్కువే. విశాఖపట్నం, కాకినాడల్లోలాగా ఉప్పుగాలి లోహాన్ని తినేయడమూ లేదు. అలాగని ఇక్కడి అతుకులు సుఖంగా ఉంటాయనుకోవడం పొరపాటు. ఇక్కడ అతుకును చెడగొట్టేది వాన మొత్తం కంటే ఎండకూ వానకూ మధ్య జరిగే హఠాత్తు మార్పు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో నల్లటి కేబుల్ తోలు 60 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. సాయంత్రం నాలుగింటికి గాలిదుమారం లేచి, మబ్బు కమ్మి, జడివాన కొడితే నిమిషాల్లో ఆ కేబుల్ 30 డిగ్రీల లోపుకు చల్లబడుతుంది.

నీరు లోపలికి ఎలా పోతుంది

కనెక్టరు లోపల ఎంతో కొంత గాలి ఉంటుంది. ఎండకు అది వ్యాకోచించి మరల సందుల్లోంచి బయటికి పోతుంది. 60 డిగ్రీల నుంచి 28 డిగ్రీలకు దిగినప్పుడు లోపలి గాలి పరిమాణం దాదాపు పదో వంతు తగ్గుతుంది. ఏర్పడిన ఖాళీని నింపుకోవడానికి అతుకు బయటి నుంచి పీలుస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే దాని ఒంటినిండా వాననీరు ఉంటుంది. ఇలా రోజుకొక గుక్క. వాన లేని డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఊరి బయట మంచు బాగా కురుస్తుంది కాబట్టి ఈ పీల్పు ఆగదు.

ఒకసారి లోపలికి చేరిన నీరు కనెక్టరులోనే ఉండిపోదు. కోయాక్సియల్ కేబుల్‌లో మధ్య తీగ, దాని చుట్టూ పాలిథిన్ పొర, దాని మీద సన్నని రాగి పోగుల అల్లిక, పైన తోలు ఉంటాయి. అల్లికలోని పోగుల మధ్య సందుల వెంట నీరు కేశనాళికా చర్యతో మీటర్ల కొద్దీ పాకిపోతుంది. రాగి మొదట మెరుపు కోల్పోయి చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, తరువాత నల్లబడుతుంది, చివరికి పచ్చని చిలుము పడుతుంది. రేడియో కరెంటు రాగి పైపొరలోనే ప్రవహిస్తుంది కాబట్టి పైపొర చెడితే నష్టం వెంటనే కనిపిస్తుంది. ఒక పోగు నుంచి పక్క పోగుకు కరెంటు దాటే చోట్లా ఈ చిలుమే అడ్డుపడుతుంది.

పాలిథిన్‌కు విద్యుత్ పెర్మిటివిటీ సుమారు 2.3, నీటికి 80. అంటే కనెక్టరులో నాలుగు చుక్కలు చేరినా 50 ఓమ్‌ల లైను అక్కడ 50 ఓమ్‌లుగా ఉండదు. షార్ట్‌వేవ్ మీద దీని ప్రభావం తక్కువ, 144 మెగాహెర్ట్జ్, 430 మెగాహెర్ట్జ్ మీద ఎక్కువ. నురుగు పాలిథిన్ వాడిన కేబుళ్లలో నష్టం తక్కువన్నది నిజమే కానీ, తడి చేరితే గట్టి పాలిథిన్ కంటే అవే తొందరగా పాడవుతాయి. బయటి తోలు కూడా చూసుకోవాలి. మామూలు పీవీసీ తోలులోని మెత్తదనం ఇచ్చే ద్రవం ఎండకు లోపలికి ఊరి పాలిథిన్‌ను చెడగొడుతుంది. నల్లమసి కలిపిన పాలిథిన్ తోలు ఎండకు ఎక్కువకాలం ఆగుతుంది.

కనెక్టర్లు, కేబుళ్లు

కోయాక్సియల్ నిర్మాణానికి 1880లో ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ పేటెంటు తీసుకున్నాడు. హ్యామ్‌లు ఎక్కువగా వాడే పిఎల్-259 ప్లగ్గు, దాని జత ఎస్ఓ-239 సాకెట్టు 1930ల నాటివి. వాటికి నీటిని ఆపే రబ్బరు వాషరు లేదు. ఎంత బిగించినా మరల గుండా, ప్లగ్గు వెనక కేబుల్ దూరే చోటా నీరు దిగుతుంది. 1940లలో బెల్ ల్యాబ్స్‌లో పాల్ నీల్ రూపొందించిన ఎన్ కనెక్టరుకు లోపల వాషరు ఉంది. ఆరుబయటికి అదే సరైనది. దానికీ టేపు చుట్టాలి, ఎందుకంటే వాషరు కాపాడేది రెండు ముక్కలు కలిసే చోటునే, కేబుల్ దూరే వెనక భాగం కేవలం బిగింపు మీద ఆధారపడి ఉంటుంది.

కేబుళ్లలో ఆర్‌జి-58 సుమారు 5 మిల్లీమీటర్ల మందం, ఆర్‌జి-213 సుమారు 10 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల (144 మెగాహెర్ట్జ్) బ్యాండు మీద 30 మీటర్ల ఆర్‌జి-58 కొత్తగా ఉన్నప్పుడే సుమారు 6 డెసిబెళ్లు, అంటే శక్తిలో ముప్పాతిక వంతు, తినేస్తుంది. ఆర్‌జి-213 ఆ డెసిబెళ్లలో సగం కంటే తక్కువే తింటుంది. ఇవి, టేపులు, కనెక్టర్లు హైదరాబాదులో దొరికే చోటు కోఠిలోని గుజరాతీ గల్లీ. కనెక్టరు కొనేటప్పుడు మర వేలితో తిప్పి చూడటం, మధ్య పిన్ను కదులుతోందేమో చూడటం మంచిది.

తెలుగు ఇళ్లకు కోయాక్సియల్ కేబుల్ ఆలస్యంగా వచ్చింది. 1975–76లో ఏటీఎస్-6 ఉపగ్రహంతో జరిగిన సైట్ అనే టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని పల్లెల్లో కోళ్ల జాలీతో చేసిన డిష్‌లు నిలిపి ఊరుమ్మడి టీవీలు నడిపారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలయ్యాక కప్పుల మీదికి యాగీ యాంటెన్నాలు ఎక్కాయి. వాటిలో చాలావాటికి ఉన్నది బల్లపరుపు రిబ్బన్ వైరు. 1990లలో కేబుల్ టీవీ, ఆ తరువాత డీటీహెచ్ వచ్చాకే గుండ్రటి కోయాక్సియల్ కేబుల్ ప్రతి ఇంటికీ చేరింది.

హైదరాబాదు రేడియోకారులు

1983లో హైదరాబాదులో నెలకొన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో దేశంలో హ్యామ్ శిక్షణకు ముఖ్య కేంద్రాల్లో ఒకటి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ (కాల్‌సైన్ వియు2ఆర్‌బిఐ) బృందం ఒక హ్యామ్ యాత్ర కోసం అండమాన్‌లోనే ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి వారు సాగించిన సమాచార సేవ ప్రపంచమంతటా హ్యామ్‌ల మన్నన పొందింది. తుఫానులో, వానలో తాత్కాలిక యాంటెన్నా నిలపాల్సి వచ్చేవారికి అతుకును త్వరగా, తడి లేకుండా కట్టడం ప్రాణావసరమైన నేర్పు.

హైదరాబాదుకే చెందిన అష్హర్ ఫర్హాన్ (వియు2ఈఎస్ఈ) 2003 ప్రాంతంలో రూపొందించిన బిట్‌ఎక్స్ ట్రాన్సీవర్‌ను చవకగా దొరికే విడిభాగాలతో ఇంట్లోనే కట్టుకోవచ్చు. దాన్ని అనేక దేశాల్లో కట్టుకున్నారు. దాని శక్తి ఆరేడు వాట్లు. అంత చిన్న సెట్టుకు తడిసిన కేబుల్ 6 డెసిబెళ్లు నష్టం తెస్తే యాంటెన్నాకు చేరేది ఒకటిన్నర వాట్లు. పెద్ద యాంప్లిఫయరు ఉన్నవారు భరించగల నష్టం ఇది, చిన్న సెట్టువారు భరించలేనిది.

అతుకు చుట్టే పద్ధతి

ఫోన్ టవర్ల మీద పనిచేసే సిబ్బంది పాటించే ‘ఒకటి–మూడు–మూడు’ వరుస ఇంటి అతుకులకూ సరిపోతుంది. లోపల ఒక పొర పీవీసీ టేపు, దాని మీద మూడు పొరలు తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు, పైన మళ్లీ మూడు పొరలు పీవీసీ టేపు.

పని ఎండ కాసే పొడి రోజున, మంచు పూర్తిగా ఆరాక మొదలుపెట్టాలి. చెమ్మ ఉన్నప్పుడు చుడితే ఆ చెమ్మను లోపల బంధించినట్టే. కనెక్టరును బిగించి, దాన్నీ, దాని కింద నాలుగైదు అంగుళాల కేబుల్‌నూ మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడవాలి. వేలి జిడ్డు మీద ఏ టేపూ నిలవదు. పిఎల్-259 అయితే మర మీద సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే మేలు. మధ్య పిన్ను మీద పూయనక్కర్లేదు.

మొదటి పీవీసీ పొర నీటిని ఆపడానికి కాదు. రేపు అతుకు విప్పాల్సి వచ్చినప్పుడు రబ్బరు ముద్ద కనెక్టరు మరలో ఇరుక్కోకుండా ఉండటానికి. దీన్ని మానేసినవారు రెండేళ్ల తరువాత బ్లేడుతో గంటసేపు గీకుతూ కూర్చోవాలి. కాబట్టి సగం సగం ఒకదాని మీద ఒకటి పడేలా, లాగకుండా, కనెక్టరు దాటి రెండు వైపులా ఒక అంగుళం వరకు చుట్టాలి.

నీటిని నిజంగా ఆపేది రెండోదైన రబ్బరు టేపు. మధ్యనున్న ప్లాస్టిక్ కాగితం తీసేసి, టేపు వెడల్పు దాదాపు సగానికి తగ్గేదాకా సాగదీస్తూ చుట్టాలి. సాగదీయకపోతే అది తనలో తాను కలిసిపోదు. కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి, మళ్లీ కింది నుంచి పైకి. తొలి పొర కంటే ఇది రెండు వైపులా ఇంకో అంగుళం ముందుకు పోయి నేరుగా కేబుల్ తోలును పట్టుకోవాలి. చుట్టాక అరచేతితో గట్టిగా నొక్కుతూ ఉంటే చేతి వేడికి పొరల గీతలు కలిసిపోయి ఒకే ముద్ద అవుతుంది. కనెక్టరు లావుగా, కేబుల్ సన్నగా ఉన్న మెట్టు దగ్గర గాలి బుడగ మిగలకుండా వేలితో ఒత్తడం మరవకూడదు.

రబ్బరుకు ఎండ పడదు, అందుకే పైన పీవీసీ కవచం. ఇక్కడ చుట్టే దిశే ముఖ్యం. ఆఖరి పొర తప్పకుండా కింది నుంచి పైకి రావాలి. అప్పుడు పెంకుటింటి కప్పులోలాగా పై మడత కింది మడత మీదికి వచ్చి నీరు జారిపోతుంది. పై నుంచి కిందికి ముగిస్తే ప్రతి మడతా నీటిని లోపలికి పట్టే అంచు అవుతుంది. చివరి రెండు చుట్లు లాగకుండా వదులుగా వేసి, టేపును చేత్తో తెంపకుండా బ్లేడుతో కోయాలి. చేత్తో తెంపిన కొస సాగి ఉంటుంది, తరువాత కుంచించుకుని ఊడి గాలికి ఊగుతుంది. రెండు చివర్లా నల్ల కేబుల్ టై ఒక్కొక్కటి బిగిస్తే ఆ కొస కదలదు. తెల్ల నైలాన్ టైలు మన ఎండకు పెళుసుబారి విరిగిపోతాయి.

డైపోల్ మధ్యలో అల్లికనూ మధ్య తీగనూ విడదీసి రెండు వైపులా టంకం వేసే అలవాటు ఇంకా ఉంది. కేబుల్ నోరు పైకి తెరిచి నిలబెట్టినట్టే ఇది. కనెక్టరు అతుకుల కంటే ఎక్కువ నీరు తాగే చోటు అదే. అక్కడ సాకెట్టు ఉన్న డబ్బా వాడి, సాకెట్టు కిందికి చూసేలా పెట్టాలి. డబ్బాకు అడుగున చిన్న రంధ్రం ఉంచితే లోపల పట్టిన చెమ్మ కారిపోతుంది. కేబుల్ గోడలోకి దూరే ముందు రంధ్రం కంటే కిందికి ఒక వంపు వదిలితే దాని వెంట వచ్చిన నీరు వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది.

మంచివీ, మానుకోవలసినవీ

చవక ఇన్సులేషన్ టేపు మేడ్చల్ ఎండలో ఒక్క వేసవి కూడా నిలవదు. జిగురు కారిపోయి టేపు జారుతుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ సీలెంటు గట్టిపడుతూ విడుదల చేసే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. కోయాక్సియల్ దగ్గర వాడాల్సింది వాసన లేని న్యూట్రల్ రకమే. ఎం-సీల్ వంటి ఎపాక్సీ ముద్ద నీటి పైపులకు పనికొస్తుంది. కేబుల్ ఎండకు సాగి చలికి కుంచించుకుంటుంటే ఆ గట్టి ముద్ద పక్కన సన్నని పగులు పడుతుంది, మళ్లీ విప్పడం అసాధ్యం. లోపల జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం చాలా మంచిది, అయితే కనెక్టరు బిగించక ముందే కేబుల్‌కు తొడగడం గుర్తుండాలి. సిలికాన్ రకపు సాగే టేపు ఎండను తట్టుకుంటుంది కానీ కొనగోరు తగిలినా చిరిగిపోతుంది.

డిష్ కేబుల్ ప్రత్యేకత

డీటీహెచ్ డిష్ దగ్గర సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బికి అదే కేబుల్ మీద 13 లేదా 18 వోల్టుల డీసీ కరెంటు వెళ్తుంది. తడి, డీసీ కలిసిన చోట విద్యుద్విశ్లేషణ జరిగి మధ్య తీగ వేగంగా తినేయబడుతుంది. ఆర్‌జి-6 కేబుళ్లలో చాలావాటికి మధ్య తీగ ఇనుము మీద రాగి పూత. రాగి పోగానే ఇనుము తుప్పుపడుతుంది. వాన పడితే చిత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతోందని ఫిర్యాదు వచ్చినప్పుడు డిష్ తిప్పే ముందు ఎఫ్ కనెక్టరు విప్పి చూడాలి. తిప్పి ఎక్కించే రకం కంటే క్రింపు చేసే రకం మేలు.

2018 నవంబరులో ప్రయోగించిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహం మీది హ్యామ్ ట్రాన్స్‌పాండరు వినడానికి కూడా ఇవే భాగాలు వాడతారు. అది 25.9 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మేడ్చల్ నుంచి చూస్తే పడమటి దిక్కుకు కొంచెం దక్షిణంగా, నేల నుంచి సుమారు 28 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. నైరుతి రుతుపవనాల జల్లు కూడా చాలావరకు పడమటి నుంచే వస్తుంది కాబట్టి ఎల్‌ఎన్‌బి అతుకుకు టేపు మీద రబ్బరు తొడుగు కూడా వేయడం మంచిది.

పిడుగు, నేల, కోతులు

ఏప్రిల్, మే నెలల క్యుములోనింబస్ మబ్బులు వానకంటే ముందు పిడుగులు తెస్తాయి. కేబుల్ మధ్యలో పెట్టే పిడుగు రక్షకానికి రెండు వైపులా కనెక్టర్లుంటాయి, అంటే చుట్టాల్సిన అతుకులు రెండు పెరిగాయి. ఆ రక్షకానికి ఎర్త్ కావాలి, కానీ ఇక్కడ రెండడుగులు తవ్వితే చాలాచోట్ల గ్రానైట్ బండ తగులుతుంది. ఎర్త్ రాడ్డు లోతుకు దిగదు, ఎండిన నేల కరెంటును సరిగా పంపదు. బొగ్గు, ఉప్పు లేదా బెంటొనైట్ మట్టి వేసిన గుంత, వేసవిలో దానికి నీళ్లు పోయడం తప్పవు. రాగి తీగను నేరుగా జీఐ పైపుకు చుడితే ఆ కలయిక వానలో తుప్పుపట్టి ఎర్త్ ఉన్నట్టు కనిపిస్తూనే లేకుండా పోతుంది. తగరపు పూత ఉన్న లగ్గు పెట్టి, గ్రీజు రాసి, దానికీ టేపు వేయాలి.

కోతుల బెడద తెలంగాణ పల్లెలన్నిటికీ తెలిసిందే. కేబుల్ పట్టుకుని ఊగే కోతి బరువంతా కనెక్టరు మీద పడితే ఎంత బాగా చుట్టినా టేపు నోరు తెరుస్తుంది. కనెక్టరుకు అడుగు లోపలే కేబుల్‌ను స్తంభానికి కట్టేస్తే ఆ బరువు అతుకు దాకా రాదు. ఉడతలు కొరికే చోట్ల కేబుల్‌ను పీవీసీ పైపులో నడపడమే దారి.

మీటరు చెప్పేదీ చెప్పనిదీ

చాలామంది వెనక్కి వచ్చే శక్తిని బట్టి యాంటెన్నా పొందికను చూపే ఎస్‌డబ్ల్యుఆర్ మీటరు చూసి తృప్తిపడతారు. తడిసిన కేబుల్ విషయంలో ఆ మీటరు నమ్మదగినది కాదు. యాంటెన్నా నుంచి వెనక్కి వచ్చే శక్తిని కూడా నీటి నష్టమే మింగేస్తుంది కాబట్టి రీడింగు మెరుగైనట్టు కనిపిస్తుంది. ఉదాహరణకు కేబుల్‌లో 6 డెసిబెళ్ల నష్టం ఉంటే యాంటెన్నా పూర్తిగా తెగిపోయినా రేడియో దగ్గర ఎస్‌డబ్ల్యుఆర్ 1.7 లోపే ఉంటుంది. 100 వాట్లు పంపితే పైకి చేరేది 25 వాట్లు. వానాకాలంలో ఎస్‌డబ్ల్యుఆర్ దానంతట అది తగ్గితే అనుమానించాలి.

సరైన పరీక్ష యాంటెన్నా విప్పేసి చేసేది. పై కొసను ఖాళీగా వదిలి, కింది నుంచి నానోవీఎన్‌ఏ వంటి చిన్న పరికరంతో రిటర్న్ లాస్ (తిరిగొచ్చే సంకేతంలో తగ్గుదల) కొలిచి, అందులో సగం తీసుకుంటే అదే కేబుల్ నష్టం. కొత్తగా వేసిన రోజున ఇలా కొలిచి కాగితం మీద రాసి ఉంచుకుంటే తరువాతి ఏళ్లలో పోల్చుకోవచ్చు. అంత పరికరం లేనివారికి మల్టీమీటరే చాలు. పై కొస ఖాళీగా ఉండగా మధ్య తీగకూ అల్లికకూ మధ్య ముల్లు కదలకూడదు. కిలో ఓమ్‌లలో ఏదైనా చూపిస్తే లోపల నీరుంది.

2020 అక్టోబరు 13న ఇదే జిల్లాలోని ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి అక్టోబరు వానలను దృష్టిలో పెట్టుకుంటే తనిఖీకి ఏడాదికి రెండు వేళలు ఉన్నాయి. మృగశిర కార్తె రాకముందు, అంటే మే చివరిలోగా ఎండకు పగిలిన టేపు మార్చడం ఒకటి. స్వాతి కార్తె దాటాక, నవంబరులో, కేబుల్ నష్టం మళ్లీ కొలవడం రెండోది. నష్టం పెరిగితే కనెక్టరును కోసి తోలు చీల్చి అల్లిక రంగు చూడాలి. నల్లబడి ఉంటే అరచేయి పొడవు చొప్పున కోస్తూ, రాగి మెరిసే చోటు తగిలాక కొత్త కనెక్టరు వేయాలి. ఒక మీటరు పొడవు దాకా కోసినా నలుపు పోకపోతే ఆ కేబుల్‌ను తీసేయడమే. ఆరబెడితే నీరు పోతుంది గాని చిలుము పోదు.